పాత ట్రక్కుకు బ్రేక్ డ్రమ్ములు ఎంచుకోవడం: కొలత నుంచి బిగింపు దాకా

విడిభాగాల కౌంటర్ దగ్గర అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ సంవత్సరం?" కొత్త బండికైతే ఆ జవాబు చాలు. యాభై, అరవై ఏళ్లు తిరిగిన ట్రక్కు విషయంలో మాత్రం దాన్ని నమ్ముకుంటే తప్పు డ్రమ్ము ఇంటికి వస్తుంది. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె. బ్రేకు వేసినప్పుడు షూలు అనే వంపు ముక్కలు, వాటి మీది లైనర్ అనే రాపిడి పొరతో, లోపలి నుంచి దాని గోడకు ఒత్తుకుని చక్రాన్ని ఆపుతాయి. ఇన్నేళ్లలో ఎవరో వెనక ఇరుసు మార్చి ఉంటారు. ఇంకెవరో ముందు హబ్బులు (చక్రాన్నీ డ్రమ్మునూ మోసే మధ్య భాగాలు) మరో బండివి తెచ్చి వేసి ఉంటారు. కాగితాల్లో ఉన్నది బండి తయారైన సంవత్సరమో, రిజిస్టర్ అయిన సంవత్సరమో కూడా చాలాసార్లు తేలదు.

ఎవరూ చెయ్యి పెట్టని బండిలోనూ తికమక ఉంటుంది. షెవర్లే అర టన్ను ట్రక్కులే చూడండి. 1950 మోడల్ దాకా హక్ అనే రకం బ్రేకులతో వచ్చి, 1951 మోడల్‌తో బెండిక్స్ అనే మరో రకానికి మారాయి. అమెరికా కంపెనీలు రాబోయే ఏడాది మోడల్‌ను ముందటి ఏడాది చివర్లోనే మొదలుపెట్టేవి. కాబట్టి 1950 చివర్లో తయారైన ట్రక్కు 1951 మోడల్ అయి ఉండొచ్చు. పేరూ సంవత్సరమూ కేటలాగులో పేజీ వెతకడానికి పనికొస్తాయి. కొనడానికి మాత్రం మీ ఇరుసు మీద ఉన్నదాన్ని కొలిచిన అంకెలే కావాలి.

అసలు మార్చాలా?

కొత్తది కొనేముందు పాతదాన్ని తక్కువ చెయ్యకండి. ఆ కాలపు ట్రక్కు డ్రమ్ముల్లో చాలావాటికి ఇనుము దండిగా ఉంటుంది. లోపలి వ్యాసం ఇంకా పరిమితిలోనే ఉండి గీతలు, కొద్దిపాటి ఓవల్ మాత్రమే ఉంటే, లేత్ మీద సన్నగా కోత పెట్టించుకోవడమే మంచిది. పల్చటి చవక కొత్త డ్రమ్ము కన్నా కోత పెట్టిన పాత డ్రమ్మే నా దృష్టిలో మేలు.

పరిమితి అంటే ఎంత? 11 అంగుళాల తేలిక ట్రక్కు డ్రమ్ము అసలు వ్యాసం 279.4 మి.మీ. ఇలాంటివాటిని మామూలుగా 0.060 అంగుళం, అంటే సుమారు 1.5 మి.మీ. పెద్దదయ్యే దాకా కోయవచ్చు. 0.090 అంగుళం, అంటే సుమారు 2.3 మి.మీ. దాటితే పారెయ్యాలి. ఎయిర్ బ్రేకులున్న పెద్ద ట్రక్కుల 16.5 అంగుళాల డ్రమ్ములకు ఈ లెక్క 0.080, 0.120 అంగుళాలు, అంటే దాదాపు 2, 3 మి.మీ. ఇవి వ్యాసం మీద లెక్కలు. ఒక్కో గోడ నుంచి పోయే మందం అందులో సగమే. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం పోతలోనే అంకెగా వచ్చి ఉంటే అదే చివరి మాట. 1970లకు ముందు డ్రమ్ముల మీద ఆ అంకె తరచూ ఉండదు. అప్పుడు బండి మాన్యువల్ చూడాలి, అదీ దొరక్కపోతే పై లెక్కల్లో చిన్నదాన్ని పట్టుకోవాలి.

ఇంకా వ్యాసం మిగిలి ఉన్నా పనికిరాని డ్రమ్ములు కొన్ని ఉంటాయి. లోపలి ముఖం నుంచి బయటికి కనిపించే పగులు ఉంటే డ్రమ్ము అయిపోయినట్టే. స్టడ్ (చక్రాన్ని బిగించే మర కడ్డీ) రంధ్రాల చుట్టూ పగుళ్లున్నా, మధ్య రంధ్రం అంచున చీలిక ఉన్నా అంతే. పోత ఇనుప డ్రమ్ముకు వెల్డింగ్ చేసి తోలేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. వెల్డ్ పక్కనున్న ఇనుము గట్టిపడి పెళుసవుతుంది, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెల్డు పక్కనే తెగుతుంది.

లోపలి ముఖం మీద వెంట్రుకవాసి బీటలు అడ్డంగా అల్లుకుని ఉంటే అవి వేడి బీటలు. లోతు లేకపోతే కోతలో పోతాయి. లోతుగా ఉండి గోరుకు తగులుతుంటే, అంచు దాకా పాకి ఉంటే వదిలెయ్యాలి. నీలం రంగులో మెరిసే మచ్చల సంగతి వేరు. అక్కడ ఇనుము విపరీతంగా వేడెక్కి, గబుక్కున చల్లారి, మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి మారింది. లేత్ పనిముట్టు వాటి మీద జారుతుంది, మచ్చ గుట్టలా మిగిలిపోతుంది. సాన పట్టి దించినా కొన్నాళ్లకు పెడల్‌లో మళ్లీ కొట్టుడు మొదలవుతుంది. మచ్చలు ఎక్కువుంటే కోత డబ్బు దండగ.

ఊడదీసేటప్పుడు గమనించాల్సినవి

ముందు ఒక హెచ్చరిక. ఆ కాలపు లైనర్లలో ఆస్బెస్టాస్ మామూలుగా ఉండేది. డ్రమ్ము లాగగానే ఎయిర్ గన్‌తో దుమ్ము ఊదెయ్యడం చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానుకోవాలి. పొడి బ్రష్ కూడా వద్దు. తడి చేసి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారెయ్యండి. సరైన మాస్కు పెట్టుకోండి.

డ్రమ్ము రావడం లేదంటే సాధారణంగా లోపల అరుగుదల వల్ల ఏర్పడిన అంచుకు షూలు తట్టుకున్నాయని అర్థం. షూల దూరం సర్దే అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి షూలను లోపలికి లాక్కోవాలి. సుత్తితో డ్రమ్ము అంచు మీద బాదితే పగిలిపోవచ్చు.

ఇప్పుడు డ్రమ్ము ఎలా కూర్చుని ఉందో చూడండి. మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది, హబ్బు బయటివైపు నుంచి స్టడ్ల మీదుగా ఎక్కే డ్రమ్ము. చక్రం తీస్తే, చిన్న స్క్రూలు ఏవైనా ఉంటే విప్పితే, ఊడి వస్తుంది. రెండోది, హబ్బు అంచు వెనక ఉండే డ్రమ్ము. స్టడ్లే హబ్బునూ డ్రమ్మునూ కలిపి పట్టుకుంటాయి, కాబట్టి హబ్బు మొత్తం బేరింగులతో సహా దిగాలి. మూడోది, టేపర్ (కొసకు సన్నబడే) ఇరుసు కొస మీద కీ అనే చిన్న ఇనుప బిళ్లతో బిగించిన హబ్బు. పాత డాడ్జ్ తేలిక ట్రక్కుల్లో ఇది కనిపిస్తుంది. దీనికి గట్టి హబ్ పుల్లర్ తప్పదు. లాగేటప్పుడు ఇరుసు నట్టును పూర్తిగా తీసెయ్యకుండా కొన్ని చుట్లు వదులు చేసి ఉంచాలి. టేపర్ వదిలినప్పుడు హబ్బు తుపాకీ గుండులా ఎగురుతుంది, ఆ నట్టే దాన్ని ఆపుతుంది.

ఏ రకమో రాసిపెట్టుకోండి. ఎడమ, కుడి అని సుద్దతో గుర్తు పెట్టండి. డ్రమ్ము బయటి ముఖం మీద, వెనకవైపు పోత అంకెలేమైనా ఉంటే వైర్ బ్రష్‌తో తుడిచి ఫొటో తీసుకోండి. ఆ పోత నంబరు విడిభాగం నంబరుతో ఒకటి కాకపోవచ్చు, అయినా ఏ భాగం ఏ బండికి సరిపోతుందో చెప్పే పాత ఇంటర్‌చేంజ్ కేటలాగుల్లో వెతికేటప్పుడు దారి చూపిస్తుంది.

ఇంకో మాట. ఆ తరం ట్రక్కుల్లో కొన్నింటికి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల్లో ఉండదు. గేర్‌బాక్స్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద దానికంటూ విడిగా చిన్న డ్రమ్ము ఉంటుంది. కేటలాగులో "వెనక డ్రమ్ము" అని వెతుకుతూ దీన్ని ఆర్డర్ చేసినవాళ్లు ఉన్నారు.

కొలతలు

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. ఒక కాగితం మీద డ్రమ్ము అడ్డుకోత బొమ్మ గీసి, ప్రతి అంకెనూ దాని చోట రాయండి. మిల్లీమీటర్లూ అంగుళాలూ రెండూ రాస్తే మంచిది. పాత కేటలాగులు అంగుళాల్లో ఉంటాయి, కొత్త తయారీదారులు తరచూ మిల్లీమీటర్లలో ఇస్తారు.

లోపలి వ్యాసంతో మొదలుపెట్టండి. డ్రమ్ము మైక్రోమీటర్ ఉంటే సరే. లేకపోతే పొడుగు వెర్నియర్‌గానీ ఇన్‌సైడ్ మైక్రోమీటర్‌గానీ కావాలి. టేపుతో కొలిచిన అంకె డ్రమ్ము 11 అంగుళాలదా 12 అంగుళాలదా చెప్పడానికి పనికొస్తుంది తప్ప అరుగుదల చెప్పదు. షూ రాసుకునే దారిలో లోపల, మధ్యలో, బయట మూడుచోట్ల కొలవండి. తర్వాత డ్రమ్మును పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. అడ్డానికీ నిలువుకూ తేడా వస్తే డ్రమ్ము ఓవల్ అయింది. 0.15 మి.మీ. దాటిన ఓవల్‌ను పెడల్ మీద కాలు పసిగడుతుంది. బెండిక్స్ లాంటి సర్వో బ్రేకుల్లో ఒక షూ రెండోదాన్ని నెడుతుంది కాబట్టి అదే తేడా ఇంకా గట్టి పట్టుగా, కుదుపుగా తెలుస్తుంది.

అంచు దగ్గర షూ తగలని సన్నటి పట్టీ ఒకటి మిగిలి ఉంటుంది. డ్రమ్ము పుట్టినప్పటి వ్యాసానికి అది దాదాపు సాక్ష్యం. తుప్పు గీకి అక్కడ కూడా కొలవండి. కొత్త డ్రమ్ము ఆర్డర్ చెయ్యాల్సింది ఈ అంకెకు దగ్గరి ప్రామాణిక సైజులోనే, అరిగిన అంకెతో కాదు.

తర్వాత వెడల్పు. షూ వెడల్పు, డ్రమ్ము లోపల షూకు దొరికే చోటు, రెండూ విడివిడిగా కొలవాలి. ఒకే వ్యాసంలో ముందు చక్రాలకు 2 అంగుళాల షూ, వెనక 1¾ అంగుళాల షూ ఉండటం అర టన్ను ట్రక్కుల్లో మామూలే. చోటు కాస్త ఎక్కువైతే ఫర్వాలేదు. తక్కువైతే షూ అంచు డ్రమ్ము మూలలో ఎక్కి కూర్చుంటుంది, మధ్యలో ఖాళీ మిగిలిపోతుంది.

లోతును చాలామంది వదిలేస్తారు, తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. హబ్బుకు ఆనే ముఖం నుంచి డ్రమ్ము తెరిచిన అంచు దాకా ఎంత దూరమో చూడండి. ఈ దూరం ఎక్కువైతే అంచు వెళ్లి బ్యాకింగ్ ప్లేటుకు (షూలను మోసే, తిరగని వెనక పలకకు) రాసుకుంటుంది. తక్కువైతే డ్రమ్ముకూ ప్లేటుకూ మధ్య సందు పెరిగి నీళ్లు, ఇసుక లోపలికి వస్తాయి, షూ కూడా డ్రమ్ము ముఖం మధ్యలో నడవదు. చాలా డ్రమ్ముల అంచు బ్యాకింగ్ ప్లేటు గాడిలోకి కొంచెం దిగి నీటిని ఆపుతుంది. ఆ అతుకు మీ బండిలో ఎలా ఉందో చూసి రాసుకోండి.

మధ్య రంధ్రం. చాలా డ్రమ్ములను మధ్యలో నిలిపేది స్టడ్లు కాదు, హబ్బు మీది గుండ్రటి మెట్టు. రంధ్రం ఆ మెట్టు మీద ఆడకుండా కూర్చోవాలి. రంధ్రం పెద్దదైతే డ్రమ్ము ఒకవైపు జరిగి బిగుస్తుంది. కొలతల్లో సరిగ్గా గుండ్రంగానే ఉన్న డ్రమ్ము తిరిగేటప్పుడు మాత్రం ఓవల్‌లా ప్రవర్తిస్తుంది. రంధ్రం చిన్నదైతే లేత్ మీద పెంచుకోవచ్చు. అందుకే సందేహం వచ్చినప్పుడు చిన్న రంధ్రం ఉన్నదే కొనండి.

ఇక స్టడ్ల వలయం, అంటే పీసీడీ: స్టడ్ల కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం. ఆరు, ఎనిమిది, పది స్టడ్లుంటే ఎదురెదురు స్టడ్ల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి కొలిస్తే చాలు. ఐదింటికి ఎదురు స్టడ్ ఉండదు. పక్కపక్క స్టడ్ల కేంద్రాల మధ్య దూరాన్ని 1.701తో గుణించండి. ఆ దూరం 82.1 మి.మీ. అయితే పీసీడీ 139.7 మి.మీ., అంటే 5½ అంగుళాలు. 67.2 అయితే 114.3 మి.మీ., అంటే 4½ అంగుళాలు. ఫోర్డ్ అర టన్ను ట్రక్కు ఎఫ్-1 మొదటిదానికి ఉదాహరణ, అదే కాలపు అర టన్ను డాడ్జ్ రెండోదానికి. షెవర్లే అర టన్నుకు కూడా వలయం 5½ అంగుళాలే, కానీ స్టడ్లు ఆరు. వ్యాసం, వెడల్పు రెండూ కలిసినంత మాత్రాన ఒకదానిది మరోదానికి ఎక్కదు.

చివరిగా రెండు: డ్రమ్ము ముఖం పలక మందం, డ్రమ్ము బయటి వ్యాసం. రేకు పలక ఉన్న పాత డ్రమ్ము స్థానంలో మందపాటి పోత డ్రమ్ము వేస్తే చక్రం ఆ మేరకు బయటికి జరుగుతుంది, స్టడ్ పొడుగు తగ్గుతుంది. నట్టు కనీసం స్టడ్ వ్యాసమంత పొడవున మరలను పట్టుకోవాలి. బయటి వ్యాసం ఎందుకంటే, రెక్కలున్న బరువైన డ్రమ్ము 16 అంగుళాల చక్రంలో హాయిగా తిరిగి, ఎవరో తర్వాత వేసిన 15 అంగుళాల చక్రంలో తట్టుకోవచ్చు.

ఇనుము రకం, బరువు, వేడి

డ్రమ్ము పని ఆపడం అనుకుంటాం. నిజానికి అది బండి వేగాన్ని వేడిగా మార్చి, ఆ వేడిని కాసేపు దాచుకుని, మెల్లగా గాలికి వదులుతుంది. దాచుకునే శక్తి బరువును బట్టి ఉంటుంది.

చిన్న లెక్క వేద్దాం. సరుకుతో కలిపి 4 టన్నుల ట్రక్కు, గంటకు 80 కి.మీ. వేగం నుంచి ఆగింది. దాదాపు 990 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. నాలుగు డ్రమ్ములూ కలిపి 60 కిలోలైతే, ఆ వేడి మొత్తం వాటిలోకే వెళ్లిందనుకుంటే ఒక్కసారి ఆగడానికి సగటున 36 డిగ్రీలు పెరుగుతాయి. అదే డ్రమ్ములు 48 కిలోలైతే 45 డిగ్రీలు. ఒకటి రెండుసార్లకు ఈ తేడా తెలియదు. ఘాట్ రోడ్డులో తెలుస్తుంది. అదే ట్రక్కు 100 మీటర్ల ఎత్తు దిగితే వచ్చే శక్తి దాదాపు 3,900 కిలోజౌళ్లు. ఇంజన్‌ను గేరులో ఉంచకుండా మొత్తం భారం బ్రేకుల మీదే వేస్తే 60 కిలోల ఇనుము సైతం 140 డిగ్రీలు పెరుగుతుంది.

వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తుంది కూడా. 280 మి.మీ. డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం సుమారు 0.6 మి.మీ. పెరుగుతుంది. షూలు ఆ అదనపు దూరం వెళ్లాలి, పెడల్ ఆ మేరకు కిందికి దిగుతుంది. ఎయిర్ బ్రేకుల్లో అయితే గాలి ఒత్తిడితో పనిచేసే చాంబర్ పుష్‌రాడ్ (బ్రేకును తోసే కడ్డీ) ప్రయాణం పెరుగుతుంది. టైప్ 30 అనే సైజు మామూలు చాంబర్‌కు 2 అంగుళాలు హద్దు. అరిగి పెద్దదైన డ్రమ్ము, అడ్జస్ట్ చెయ్యని స్లాక్ (పుష్‌రాడ్‌ను బ్రేకుతో కలిపే లివర్), దిగుడు రోడ్డు మూడూ కలిస్తే ఆ హద్దు దాటడం పెద్ద విషయం కాదు.

అందుకే కొత్త డ్రమ్మును తూకం వెయ్యండి. పాతదాన్నీ వెయ్యండి. పాతది అరిగి కూడా కొత్తదానికన్నా బరువుంటే కొత్తదాన్ని తిప్పి పంపడమే న్యాయం. అమ్మేవాళ్లు పెట్టె బరువు చెబుతారు, దాన్ని బట్టి కొనేముందే అంచనా వేసుకోవచ్చు.

తయారీలో తేడాలు మూడు నాలుగు రకాలు. మొత్తం బూడిద రంగు పోత ఇనుముతో పోసింది ఒకటి. ఆ ఇనుములోని గ్రాఫైట్ రేకులు వేడిని త్వరగా పంచుతాయి, మోతను మింగుతాయి. బ్రేకులకు ఈ ఇనుమే ఇప్పటికీ నడవడానికి కారణం అదే. ఉక్కు రేకు పలకకు పోత ఇనుప వలయం అతికించింది రెండోది, దీన్నే కాంపోజిట్ అంటారు. ఉక్కు గిన్నె లోపల ఇనుమును గిర్రున తిప్పుతూ పోసింది మూడోది. తేలిగ్గా ఉంటుంది, అంత తేలిగ్గా పగలదు. చివరిది పూర్తిగా ప్రెస్ చేసిన ఉక్కు. 1928 నుంచి 1931 వరకు వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ బండ్లకు అవే ఉండేవి. వేడికి సాగే గుణం వల్ల వాటి యజమానులు చాలామంది తర్వాత పోత డ్రమ్ములకు మారారు. మీ బండిలో ఉక్కువి ఉండి, దాన్ని ప్రదర్శనకు కాక రోడ్డు మీద తిప్పడానికి వాడుతుంటే, పోతవి దొరికినప్పుడు మారండి.

తయారీదారు ఇనుము గ్రేడ్ చెబితే అడిగి రాసుకోండి. అమెరికా వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ వారి జె431 ప్రమాణం పాత వరుసలో జి3000, జి3500 లాంటి పేర్లుంటాయి. జి3500 అంటే చదరపు అంగుళానికి కనీసం 35,000 పౌండ్ల లాగుడు బలం. గ్రేడ్ అడిగితే తెల్లమొహం వేసే తయారీదారు దగ్గర బరువైన ట్రక్కుకు డ్రమ్ము నేను కొనను.

ఎక్కడి సరుకు?

దశాబ్దాలుగా పెట్టెలోనే ఉండిపోయిన అసలు కంపెనీ సరుకు, అంటే ఎన్ఓఎస్, కూర్పులో సాటిలేనిది. ధర కూడా అలాగే ఉంటుంది. కానీ "కొత్తది" అన్న మాట నమ్మి కళ్లు మూసుకోకండి. పెట్టె లేకుండా అంచు మీద నిలబెట్టి, పైన బరువులు పెట్టి ఏళ్ల తరబడి ఉంచిన డ్రమ్ము ఓవల్ అయి ఉండొచ్చు. లోపలి ముఖం మీద తుప్పు గుంటలుండొచ్చు. కొద్ది కోతతో పోయే గుంటలైతే సరే, లేకపోతే కొత్త డ్రమ్ము మొదటిరోజే సగం ఆయుష్షు పోగొట్టుకుంటుంది.

ఇప్పటి తయారీ మధ్యస్థం. చాలా సైజుల్లో బాగానే ఉంటాయి. కొన్నింట్లో మధ్య రంధ్రం, పలక మందం అసలుదానికి తేడాగా ఉంటాయి. కొనేముందు మీ కాగితం మీది అంకెలు పంపి, వాళ్ల డ్రమ్ము కొలతలు రాతలో తెప్పించుకోండి. "మీ బండికి సరిపోతుంది" అన్న భరోసా కొలత కాదు.

వాడిన డ్రమ్ము కొనాల్సి వస్తే మిగిలిన వ్యాసం అడిగి, రాకముందే ఫొటోలో గేజ్ అంకె చూపించమనండి.

వేరే బండి డ్రమ్మును లేత్ పనితో మీదానికి కూర్చడం చివరి దారి. మధ్య రంధ్రం పెంచడం తేలిక పని. స్టడ్ రంధ్రాలు కొత్తగా వెయ్యాల్సి వస్తే, పాత రంధ్రాలకూ కొత్తవాటికీ మధ్య తగినంత ఇనుము మిగలాలి. మిగలకపోతే ఆలోచన మానుకోండి. అరిగిన డ్రమ్ములో ఇనుప వలయం దించి మళ్లీ కోయించే పద్ధతి కూడా ఉంది. వలయానికీ డ్రమ్ముకూ మధ్య సందులో వేడి ఆగిపోతుంది కాబట్టి కొండ దారుల్లో తిరిగే బండికి అది నాకు నచ్చదు.

ఏదైనా సరే, ఒకే ఇరుసు మీది రెండు డ్రమ్ములూ ఒకేసారి, ఒకే రకంవి మార్చండి. రెండు పక్కల వ్యాసాల మధ్య తేడా 0.25 మి.మీ. లోపు ఉంటే బండి పక్కకు లాగదు.

పెట్టె విప్పగానే

బిగించాక తిప్పి పంపడం కుదరదు కాబట్టి పరీక్షలన్నీ ముందే చెయ్యాలి. కొలతలన్నీ మళ్లీ తీయండి. పూర్తి పోత డ్రమ్మును తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమని మోగాలి. మొద్దు శబ్దం వస్తే ఎక్కడో పగులు ఉంది. కాంపోజిట్ డ్రమ్ము అంత బాగా మోగదు, దానికి ఈ పరీక్షతో తీర్పు చెప్పకండి. అంచు మీద అతికించిన చిన్న బరువులు, గీకిన గుర్తులు ఉంటే అవి బ్యాలెన్సింగ్ కోసం చేసినవి, తీసెయ్యకండి.

తుప్పు పట్టకుండా లోపల పూసిన నూనె ఉంటుంది. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, తెల్ల గుడ్డకు మరక అంటనంతవరకు ఆరబెట్టి తుడవాలి. ఆ నూనె ఒక్కసారి లైనర్‌లో ఇంకితే లైనర్ మార్చడమే.

బయట రంగు వేసుకోండి, వేడికి ఆగే రంగే. హబ్బుకు ఆనే ముఖం మీద, చక్రం ఆనే ముఖం మీద మాత్రం వద్దు. నట్లు బిగించాక మందపు రంగు నలిగి పల్చబడుతుంది, నట్లు వదులవుతాయి.

స్టడ్లను తేలిగ్గా తీసుకోవద్దు

హబ్బు వెనక డ్రమ్ము ఉండే రకంలో, చాలా పాత ట్రక్కుల స్టడ్ మెడను ఫ్యాక్టరీలోనే నొక్కి వెడల్పు చేసి ఉంటారు, రివెట్ తలలాగ. ఆ నొక్కిన మెడను కోయకుండా ప్రెస్‌తో స్టడ్‌ను తోసేస్తే అది హబ్బు రంధ్రాన్ని చీల్చుకుంటూ వస్తుంది. రంధ్రం పెద్దదైతే కొత్త స్టడ్ పట్టు దొరకదు. నట్టు బిగిస్తుంటే స్టడ్ కూడా తిరుగుతుంది, ఆ హబ్బు పోయినట్టే. ఈ మెడను కోయడానికి స్టడ్ మీదుగా ఎక్కే గొట్టం లాంటి కట్టర్ దొరుకుతుంది. ముందు అది వాడి, తర్వాతే ప్రెస్.

కొత్త స్టడ్ కొనేటప్పుడు మర సైజు ఒక్కటే చూడకండి. గరుకు పళ్లున్న మెడ వ్యాసం, ఆ మెడ పొడుగు, మొత్తం పొడుగు మూడూ కలవాలి. మర దిశ కూడా. డాడ్జ్ సహా కొన్ని పాత బండ్లకు ఎడమవైపు చక్రాల స్టడ్లు ఎడమ మరలవి. పెద్ద ట్రక్కుల బాల్ సీట్ చక్రాలకూ (నట్టు గుండ్రటి గుంటలో కూర్చునేవి) అదే పద్ధతి. స్టడ్ కొసన "ఎల్" అక్షరం ఉందేమో చూడండి.

ఈ రకం డ్రమ్మును కొత్త స్టడ్లతో హబ్బుకు కలిపాక, హబ్బు బేరింగ్ కూర్చునే చోటును కేంద్రంగా పట్టి లేత్ మీద ఒకసారి తిప్పి చూడటం మంచిది. డయల్ గేజ్‌లో ఊపు 0.15 మి.మీ. దాటితే సన్నటి కోత పెట్టించండి. విడి డ్రమ్ము ఎంత సరిగ్గా ఉన్నా హబ్బుతో కలిశాక ఏం చేస్తుందన్నదే లెక్క.

షూలు, బిగింపు

కొత్త డ్రమ్ములో అరిగిన షూలు పెడితే పని సగమే అయినట్టు. షూ వంపు డ్రమ్ము వంపు కన్నా వెంట్రుకవాసి చిన్నదిగా ఉండాలి. షూను డ్రమ్ములో పెట్టి నొక్కినప్పుడు మధ్యలో ఆని, రెండు కొసల దగ్గర 0.12 నుంచి 0.25 మి.మీ. ఫీలర్ గేజ్ దూరాలి. కొసలు ఆని మధ్యలో సందు ఉంటే ఆ షూ పట్టేస్తుంది, అరుస్తుంది. కోత పెట్టిన పాత డ్రమ్ముల కోసం మందపు లైనర్లు వేయించి ఉంటే, కొత్త డ్రమ్ములో అవి అసలు దూరకపోవచ్చు.

సర్వో రకం బ్రేకుల్లో పొట్టి లైనర్ షూ ముందుకు, పొడుగు లైనర్ షూ వెనక్కి ఉండాలి. తారుమారు చేసి బిగించిన బళ్లు బోలెడు కనిపిస్తాయి.

హబ్బు ముఖాన్ని ఇనుము మెరిసేదాకా శుభ్రం చెయ్యండి. తుప్పు పొర ఒకచోట మిగిలితే డ్రమ్ము వంకరగా కూర్చుంటుంది. నట్లను ఒకదాని పక్కది కాక ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. టేపర్ ఇరుసు నట్టుకు, అది వదులు కాకుండా దూర్చే కాటర్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి, వదులు చేసి కలపకూడదు. తర్వాత డ్రమ్ము తిరుగుతుండగా షూలు తగిలేదాకా అడ్జస్టర్ తిప్పి, స్వేచ్ఛగా తిరిగేంతవరకు వెనక్కి తేవాలి. పెడల్ రెండు మూడుసార్లు గట్టిగా తొక్కి షూలు మధ్యకు సర్దుకున్నాక మళ్లీ సరిచూడండి.

ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కి.మీ. వేగం నుంచి 15 కి.మీ. దాకా మెత్తగా తగ్గిస్తూ ఒక ఇరవై సార్లు బ్రేకు వెయ్యండి. మధ్యలో చల్లారడానికి దూరం ఇవ్వండి. పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు. వేడి డ్రమ్ము మీద షూ ఆనిన చోట మచ్చ పడుతుంది.

తిరిగి రాగానే నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా పక్కన పెడితే చాలు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మేలు. ఒకే ఇరుసు మీద ఒక పక్క బాగా వేడిగా ఉంటే అక్కడ షూ రాసుకుంటోంది, లేదా షూలను నెట్టే వీల్ సిలిండర్ వెనక్కి రావడం లేదు. ఒక పక్క చల్లగా ఉంటే ఆ చక్రం పనే చెయ్యడం లేదు, నూనె కారి లైనర్ తడిసిందేమో చూడాలి. చల్లారాక నట్ల టార్క్ మళ్లీ చూసి, 100 కి.మీ. తిరిగాక ఇంకోసారి చూడండి. లైనర్లు కుదురుకునేకొద్దీ పెడల్ కొంచెం దిగుతుంది, అప్పుడు అడ్జస్టర్‌ను ఒకటి రెండు పళ్లు బిగిస్తే సరిపోతుంది.